ఒకవైపే తిరిగే ఉంగరం

2023 ఫిబ్రవరి. కర్నూలులో బస్టాండు దగ్గరున్న నా వాచీ రిపేరు కొట్టుకు ఆలూరు వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. అన్న ఈరన్న, తమ్ముడు తిమ్మప్ప. ఒకే బెంచీ మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు.

తిమ్మప్ప చేతికున్నది డైవ్ వాచీ, అంటే సముద్రంలో మునిగేవాళ్లు కట్టుకునేది. కబడ్డీ వార్షికోత్సవానికి ఒక కంపెనీ ఐదు వందలు మాత్రమే చేసిన లిమిటెడ్ ఎడిషన్. విప్పి నాకిచ్చాడు. వెనక మూత మీద కూతకు వెళ్తున్న ఆటగాడి బొమ్మ, కింద 37/500. కబడ్డీకీ సముద్రానికీ సంబంధమేమిటని బీఎస్సీ చదివిన బుర్రతో కాసేపు ఆలోచించాను. రెండు చోట్లా ఊపిరి పొదుపుగా వాడుకోవాలి, అంతే. తిమ్మప్ప ఒకప్పుడు జిల్లా జట్టులో ఆడాడు. పాత ఆటగాళ్లకు సన్మానం చేసినప్పుడు ఇచ్చారట. మూడు వందల మీటర్ల లోతు దాకా నీళ్లు చొరబడవని దాని మీద రాసి ఉంది. ఆ లోతుకు పోయినా ఆలూరు వైపు నీళ్లు తగలకపోవచ్చని కంపెనీకి తెలిసినట్టు లేదు.

"వాచీ చెడిపోయిందా?" అన్నాను.

"వాచీ బాగుండాది. మనిషే చెడిపోయినాడు," అన్నాడు ఈరన్న.

"సూడు సామీ, అన్న మాట," అన్నాడు తిమ్మప్ప. "ఉల్లిగడ్డ ఎండిపోతాంటే నేను దొంగనంట."

ఇద్దరికీ ఒకటే బోరు. కరెంటు వచ్చినప్పుడు మొదటి గంట తమ్ముడిది, మిగిలింది అన్నది. వాచీ అద్దం చుట్టూ తిరిగే ఉంగరం ఉంటుంది, దాన్ని బెజెల్ అంటారు. మోటారు వేయగానే తిమ్మప్ప దాని మీది గుర్తును నిమిషాల ముల్లు కొనకు సరిగ్గా తిప్పి పెడతాడు. ముల్లు ఒక చుట్టు తిరిగి మళ్లీ గుర్తును చేరితే గంట.

"టైము చూసుకుంటే పోదా?"

"కరెంటు ఎప్పుడొచ్చిందో యాడ గుర్తుంటాది సామీ? ఉంగరానికైతే గుర్తుంటాది."

ఈరన్న అనుమానం, తమ్ముడు మధ్యలో ఉంగరం ముందుకు జరిపి ఎక్కువ నీళ్లు తోడుకుంటున్నాడని. సోమవారం ఊరి పెద్దల దగ్గర పంచాయితీ పెట్టించాడు. అక్కడ నిజమని తేలితే తిమ్మప్పకు ఆ గంట కూడా పోతుంది. అందుకే ముందుగా వాచీని నాకు చూపించడానికి వచ్చారు.

నేను వాచీని ఈరన్న చేతికిచ్చాను. "దీన్ని ముందుకు తిప్పన్నా."

ఆయన బొటనవేళ్లతో తిప్పాడు. పళ్లు బిగించి తిప్పాడు. కదల్లేదు.

"వెనక్కి తిప్పు."

టిక్ టిక్‌మని తిరిగింది. లోపల క్లిక్ స్ప్రింగ్ అనే చిన్న రేకు ఉంటుంది, అది ఉంగరాన్ని ఒకవైపే పోనిస్తుంది. నీళ్లలో ఉన్నవాడికి పొరపాటున ఉంగరం జరిగినా, ఎక్కువసేపు ఉన్నాననుకుని ముందే పైకి వచ్చేస్తాడు. ప్రాణానికి మంచిది. పైరుకు కాదు.

"అంటే?" అన్నాడు ఈరన్న.

"జరిగితే గుర్తు వెనక్కే పోతుంది. ముల్లు దాన్ని తొందరగా చేరుతుంది. గంట నిండకముందే మీవాడు మోటారు ఆపేస్తాడు."

వాచీ తీసుకుని లెన్స్ పెట్టి చూశాను. ఉంగరం అంచున వరసగా గీతలు. మడులకు నీళ్లు మళ్లించే మడవలు తిప్పేటప్పుడు పార కట్టె తగిలినవి. రేకు కూడా మెత్తబడింది. చిన్న రాపిడికే నాలుగైదు టిక్కులు జరుగుతోంది.

తిమ్మప్ప మొహంలో గెలిచిన కళ లేదు. ఎండిన మడులు లెక్కపెట్టుకుంటున్నట్టున్నాడు.

"ఎన్ని నిమిషాలు పోయింటాయి సామీ?" అన్నాడు ఈరన్న.

"వంతుకు ఐదారు ఉండొచ్చు."

"ఎవరికి పోయింటాయి?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నా వృత్తిలో లేదు. తిమ్మప్ప అన్న వైపు చూశాడు.

ఈరన్న నా చేతిలోని వాచీని చూపించాడు. "రేకు మార్చు. అది వచ్చేదాకా వీని వంతుకు నేనే మోటారు ఆపుతా. వీడు తొందరపడి ఆపేస్తాండాడు."

ఇద్దరూ లేచారు. మెట్లు దిగుతూ తిమ్మప్ప అడగడం వినిపించింది: "ఏమప్పా అన్నా, సోమవారం పంచాయితీకి పోవల్లా?"

"నువ్వు పో. నాకు పని ఉండాది."

ఆ తర్వాత వాచీ తప్పు చూపిస్తోందని ఎవరొచ్చినా, ఎంత తప్పని అడగడం తగ్గించాను. ఎవరికి లాభంగా తప్పుతోందో ముందు చూస్తాను. చాలాసార్లు వాచీ మూత తీయాల్సిన పని కూడా పడదు.