గజంబద్దకు రాయితీ

పొద్దున మా ఆయన బండి వెనక కట్టుకొచ్చిన రేకు బోర్డు హాల్లో గోడకి ఆనించి ఉంది, ఎర్ర రంగు ఇంకా ఆరలేదు, ఇల్లంతా దాని ఘాటు వాసన. మంగ్లా పేటలో మా చెప్పుల దుకాణానికి రేపట్నుంచి ‘భారీ ఛూట్’ అట, పెద్ద తగ్గింపన్నమాట. ఆ రెండు మాటలు చూస్తే లోకానికంతా నోరూరుతుంది, నాకు మాత్రం చిన్నప్పటి ఒక దుకాణం గుర్తొస్తుంది.

ఈ హిందీ ఊళ్ళోనే, తార్‌బహార్ పేటలో మా రైల్వే క్వార్టరుకి నాలుగడుగుల్లో కరీం చాచా బట్టల దుకాణం ఉండేది. వానలు వెనకపట్టి, మామ్మ దసరా బెల్లం గారెల కోసం మినప్పప్పు ఎండబెట్టుకునే రోజుల్లో అమ్మ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళేది. కొత్త తానుల గంజి వాసన, మూల కుండలో చల్లటి నీళ్ళు, మా చేతుల్లో పెట్టే సోంపు బిళ్ళలు, తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని ఇనప గజంబద్దతో టకటకా కొలిచే చాచా. బేరం లేనిదే అక్కడ ఏదీ తెగేది కాదు. ఆయనొక ధర చెప్పడం, అమ్మ విసుక్కుంటూ గుమ్మం దాకా వెళ్ళడం, ఆయన “అరే బెహన్‌జీ!” అని వెనక్కి పిలవడం, ఆఖరికి ధర తగ్గించి, పైన నాలుగు వేళ్ళ గుడ్డ వదిలి కత్తిరిస్తూ “యే మేరీ రియాయత్” అనడం, ఏటా ఇదే తంతు.

రియాయత్ అరబ్బీ నుంచి వచ్చిన మాటనీ, అసలు అర్థం మందను కాయడం, కనిపెట్టుకుని ఉండడమనీ ఆయనే ఒకసారి నాన్నకి చెప్పాడు. “అచ్ఛా, మన రాయితీ అదేనేటి!” అని నాన్న మురిసిపోయాడు. మన ‘రైతు’ కూడా ఆ వేరు నుంచే మొలిచిందని పెద్దయ్యాక నిఘంటువులో చూశాను.

నా పదో ఏట, దసరాకి వారం ముందు, ఆ దుకాణానికి ఎర్రక్షరాల బోర్డు వేలాడింది. వాడంతా విరగబడింది. మామ్మ మాత్రం చేటలో చెయ్యి ఆపేసింది.

“అడక్కుండా తగ్గిత్తన్నాడంటే ఆ ఇంట ఏటో అయిపోతందే. నేను రాను, మీరెల్లండి.”

ముసలమ్మకి అన్నీ అపశకునాలేనని నవ్వుకుంటూ వెళ్ళాం. దుకాణంలో కుండ లేదు, బీరువాలు సగం ఖాళీ. అమ్మ అలవాటుగా గుమ్మం దాకా నడిచింది, ఎవరూ పిలవలేదు. చాచా ఎవరి మొహమూ చూడకుండా కొలుస్తూ “జో లిఖా హై, వహీ” అంటున్నాడు, రాసిందే ధరని. అమ్మ సిగ్గుపడుతూ తిరిగొచ్చి, ఎన్నడూ లేనంత గుడ్డ కొంది. నాకింకా ఆశ తీరలేదు. అక్కడున్న వాటన్నిటిలోకీ మెరిసేది ఆయన చేతిలోనే ఉంది. “చాచా, ఇస్ పర్ భీ ఛూట్ హై?” అని, దీనికీ తగ్గింపుందా అని, గజంబద్ద మీద వేలు పెట్టాను.

జనం పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. చాచా దాన్ని తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. “ఛూట్ నహీ బిటియా, రియాయత్.” ఆ తర్వాతి వాళ్ళకి మూరలేసి కొలిచాడు. ఇచ్చెయ్యమని అమ్మ గిల్లినా వినకుండా పట్టుకుని పరిగెత్తాను.

మర్నాడు మామ్మ తిట్టి, తిరిగిచ్చెయ్యడానికి నన్ను లాక్కెళ్ళేసరికి తలుపులకి తాళం. పొద్దుటి బండికి పిల్లాపాపలతో వెళ్ళిపోయారని, ఎక్కడికో చెప్పలేదని పాన్ దుకాణం అతను అన్నాడు. రెడీమేడ్ షాపులు వచ్చాక ఏడాదిగా ఆయనకి బేరాల్లేవట. ఛూట్ అంటే వదిలిపోవడం కూడా. బండి తప్పిపోతే ఇక్కడ అందరం “గాడీ ఛూట్ గయీ” అనే కదా అంటాం. అంత తెలిసిన మాట ఆ బోర్డు మీద మాలో ఒక్కరికీ అర్థం కాలేదు, చదువురాని మామ్మకి తప్ప. నా నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గజంబద్ద మా తలుపు వెనకే ఉంది, తుప్పు పట్టి. తార్‌బహార్‌లో ఇప్పుడు గుమ్మం దాకా వెళ్తే వెనక్కి పిలిచేవాళ్ళు లేరు, మా అమ్మాయి ఫోన్లో గంటకో ఛూట్ మోగుతుంది. “ఈ ఒక్క సీజనుకే” అని వెళ్ళాడు మా ఆయన, నా మొహం చూడకుండా. మధ్యాహ్నం కారియరు పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ప్రతి జతకీ ఎర్ర ఛూట్ చీటీ కట్టేశాడు. పిల్లల కాళ్ళకి బూట్లు తొడగడానికి ఇన్నేళ్ళూ తను కూర్చున్న చెక్క పీటకీ కట్టి ఉంది ఒకటి.