రెండో అంతస్తు దాటిన కథ

ఆ సోమవారం నాలుగో అంతస్తు ఆఫీసరుగారు పదింటికి లిఫ్టెక్కి, పదిన్నరకు తన గదికి చేరారు. లిఫ్టు చెడిపోలేదు, కరెంటూ పోలేదు. మొదట లిఫ్టులో వింటున్న కథ ముగింపు కోసం ఆయన ఆరుదాకా వెళ్లారు. దిగేటప్పుడు ఆ ముగింపు గురించే ఆలోచిస్తూ నాలుగు దాటేశారు. కింద కొత్త కథ మొదలైంది. చివరికి ప్యూను ఫైలు పట్టుకుని మెట్లమీద వెంటపడి, మళ్లీ ఆరులోనే ఆయన్ని దొరకబుచ్చుకుని సంతకం పెట్టించుకున్నాడు. విచారణేమీ జరగలేదు. జరిపించాల్సింది ఆఫీసరుగారే గనక.

లిఫ్టు నడిపే మనిషిని ఆ భవనంలో అందరూ లిఫ్టు బాబాయి అనేవారు. ఇనప కటకటాల తలుపు, ఇత్తడి పిడి ఉన్న పాతకాలపు లిఫ్టు అది. ఆరంతస్తులు ఎక్కడానికి నిండుచూలాలిలా ఆయాసపడేది. ఇరవై రెండేళ్లుగా బాబాయి ఒక చెయ్యి పిడిమీద వేసి, జనానికి వీపు చూపిస్తూ, తలుపుకేసి చూస్తూ కథ చెప్పేవాడు. ఉన్నవి ఓ ఇరవై కథలు, వాటినే తిప్పితిప్పి చెప్పేవాడు. అదీ ఎక్కేటప్పుడే. దిగేటప్పుడు నోరు విప్పేవాడు కాదు. "దిగేవాడి మనసు అప్పటికే ఇంట్లో ఉంటుంది, వాడికి కథెందుకు?" అనేవాడు. ప్రతి కథా సరిగ్గా ఆరంతస్తుల పొడవు. రెండో అంతస్తు దగ్గర చిక్కు పడేది, నాలుగులో బిగిసేది, ఆరులో విడిపోయేది. అందుకని ఆ భవనంలో కథలకూ కలిమిలేములుండేవి. ఆరో అంతస్తువాళ్లు ఆస్తిపరులు, రెండో అంతస్తువాళ్లు నిరుపేదలు.

ఆ ఏడు చలికాలం, మీట నొక్కితే దానంతటదే పోయే కొత్త లిఫ్టు వస్తుందని కాగితం వచ్చింది. బాబాయికి సెల్లారులోని రికార్డు గదిలో పని. పదిహేను రోజులు గడువు. ఉద్యోగానికి ఢోకా లేదు. ఆయన బెంగల్లా కథల గురించే. ఒక్కటీ రాసిపెట్టుకోలేదు. పిడి వదిలేస్తే అవీ వదిలిపోతాయేమోనని భయం.

"దానికంత దిగులెందుకండీ? నోటితో చెప్పింది చేత్తో రాయలేరా?" అంటూ భార్య నోట్‌బుక్కు తెచ్చి ఒళ్లో పడేసింది.

వరదలో ఎవరివో కేకలు విని ఒంటరిగా వెళ్లిన పడవవాడి కథ ఎత్తుకుని ఆదివారమంతా రాశాడు. తీరా చూస్తే అరపేజీ. భార్య చదివి, "ఇది కథా, టెలిగ్రామా?" అంది. ఆరంతస్తుల కథలో అంతస్తులన్నీ ఎక్కడికి పోయాయో బాబాయికే అంతుపట్టలేదు. తలుపు చప్పుడు, వెనక ఎవరో ఊపిరి బిగబట్టడం, "ఊఁ" అనే గొంతు, అవేవీ కలంలోకి ఎక్కలేదు.

మర్నాడు భోజనాలవేళ రెండో అంతస్తు టైపిస్టు దగ్గరికి వెళ్లి, సిగ్గుపడుతూ నోట్‌బుక్కు చూపించాడు. గదిలో ఆవిడొక్కతే ఉంది.

"ఇది మీ కథ కాదు బాబాయ్. మీరు చెప్పండి, నేను కొడతా," అని మిషన్లో కాగితం ఎక్కించింది.

ఎదురుగా కుర్చీ వేస్తే కూచున్నాడు గానీ నోరు పెగల్లేదు. మొహం చూస్తూ కథ చెప్పడం ఆయనెరగడు. మంచినీళ్లు తాగాడు. లేచాడు. గోడవారనున్న ఇనప బీరువాకేసి తిరిగి, దాని పిడిమీద చెయ్యి వేశాడు. అప్పుడొచ్చింది కథ. వరద రేగింది, అవతలి ఒడ్డునుంచి కేక వినబడింది, పడవవాడు కట్టు విప్పాడు. అక్కడ బాబాయి ఆగిపోయాడు. వెనక టకటకలూ ఆగాయి.

"ఏమైంది బాబాయ్?"

"రెండో అంతస్తు కదమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నువ్విక్కడ దిగుతావు."

పదకొండేళ్లుగా ఆవిడ అక్కడే దిగేది. పదింటికల్లా హాజరుపట్టీలో సంతకం లేకపోతే హెడ్ గుమస్తా ఎర్రగీత గీసేవాడు మరి.

"ఇవాళ దిగను. పోనివ్వండి."

బాబాయి పిడి గట్టిగా పట్టుకున్నాడు. బీరువా కిర్రుమంది. కథ మూడుకెక్కింది, నాలుగులో బిగిసింది, ఆరులో ఖాళీ పడవొక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

మళ్లీ టకటకలు ఆగితే ఈసారి వెనక్కి తిరిగాడు. ఆవిడ మొహం చిన్నబోయి ఉంది.

"రాడా?"

"రాడు తల్లీ. ఇరవై రెండేళ్లుగా రాలేదు."

"నా దగ్గర వచ్చేశాడు బాబాయ్. మీరేమో చెప్పరు, నేనేమో దిగిపోతాను. నట్టేట్లో ఉన్న మనిషిని ఏం చేయమంటారు? ఎప్పుడు ఈ కథ విన్నా, నా కుర్చీలో కూచునేసరికి వాణ్ణి ఒడ్డుకు చేర్చేసేదాన్ని. ఒళ్లంతా బురద, చంకలో ఎవరి పిల్లో."

బాబాయి చాలాసేపు పిడి వదల్లేదు. ఇన్నాళ్లూ కథ తన చేతికింద నడుస్తోందనుకున్నాడు. తాను దించేసి వచ్చిన అంతస్తుల్లోనూ అది నడుస్తూనే ఉందని ఆయనకెవరూ చెప్పలేదు.

"ఎవరి పిల్ల?" అంటూ వచ్చి కుర్చీలో కూచున్నాడు.

ఆవిడ చెప్పింది. ఒకరి మొహం చూస్తూ కథ వినడం ఆయనకదే మొదలు. విని, "అదే కొట్టమ్మా," అన్నాడు.

పాత లిఫ్టు ఊడదీసేలోగా పంతొమ్మిది కథలు కాగితానికెక్కాయి. దారంతో కుట్టిన ఆ కట్ట భవనమంతా చేతులు మారింది. ఒకరోజు ఆరో అంతస్తు సూపరింటెండెంటు దాన్ని తెచ్చి రికార్డు గదిలో బల్లమీద విసిరాడు.

"ఏమయ్యా, ఇది మోసం కాదూ? నాకు చెప్పినప్పుడల్లా పడవవాణ్ణి చంపేశావు, వాడికోసం పూటపూటంతా బాధపడ్డాను. ఇప్పుడు వాడెలా తిరిగొచ్చాడు?"

"మీరు బాధపడి ఊరుకున్నారు సార్, రెండో అంతస్తులో వాడికోసం పదకొండేళ్లు ఎదురుచూశారు, రాకపోతే ఏం బాగుంటుంది?"