కప్పతల్లిని వదిలిన గుంట

నా భార్య సుగుణ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఏటా తొలకరి పడగానే ఇద్దరం పుత్తూరు దగ్గర, నారాయణవనం దారి పక్కన మట్టి తవ్విన ఒక గుంటకు వెళ్ళేవాళ్ళం. కప్పలు అక్కడ గుడ్లు పెడతాయి. మాఘమాసంలో సుగుణ చనిపోయింది. ఈ తొలకరికి ఒక్కణ్ణే వెళ్ళాను. జిగురులో నల్లటి చుక్కల్లా గుడ్లు కనిపించాయి. ఆ తర్వాత వానలు ఆగిపోయాయి. గుడ్లలోంచి వచ్చే తోకకప్పలు మొదట చేపల్లా మొప్పలతో ఊపిరి పీలుస్తాయి. కాళ్ళు, ఊపిరితిత్తులు వచ్చేలోపు నీళ్ళు ఎండితే ఒక్కటీ మిగలదు. మూడు వారాలు ఇంట్లో కూర్చుని అదే ఆలోచించాను. ఇక ఉండలేక, పోయిన ఆదివారం బయలుదేరాను.

తిరుపతిలో పొద్దున ఆరున్నరకు పుత్తూరు బస్సు దొరికింది. రేణిగుంట మీదుగా గంటకు కొంచెం ఎక్కువ పడుతుంది. దారి పొడవునా వేరుశనగ చేలు వాడి ఉన్నాయి. పుత్తూరులో షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. గుంట దగ్గర ఆపమంటే డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

“ఆడేముండాది సార్?”

“కప్పలు.”

“పుత్తూరుకు అందరూ ఎముకలిరిగి కట్టు కట్టించుకునేదానికి వస్తారు. కప్పల కోసం వచ్చింది నువ్వే సార్” అన్నాడు.

గుంట అంచుల్లో మట్టి నెర్రెలు విచ్చి ఉంది. చెప్పులు విప్పి దిగాను. చూస్తే, అడుగున మోకాటిలోతు నీళ్ళు. పైన వేపాకులు తేలుతున్నాయి. అప్పుడే ఇద్దరు ఆడవాళ్ళు కడవలతో వచ్చారు. పెద్దావిడ మునెమ్మ. పక్క చేను వాళ్ళదే. రెండోది ఆమె కోడలు. మునెమ్మ నన్ను గుర్తుపట్టింది.

“అమ్మ యాడ సార్? పోయినేడు ఇద్దరూ ఈడే కూసోనుంటిరి గదా.”

“చనిపోయిందమ్మా.”

ఆమె కడవ దించింది. “ఇట్ల రా సార్, సూడు” అని గట్టు దగ్గరకు పిలిచింది.

వాన కోసం ఊళ్ళో కప్పతల్లి ఆడారట. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్ళూ దాని మీద నీళ్ళు పోస్తారు. చివర దాన్ని ఈ గుంటలో వదిలారు. వదిలిన కప్ప ఎండకూడదని వాళ్ళ నమ్మకం. అందుకని వాన పడేదాకా రోజూ బోరు నీళ్ళు తెచ్చి పోస్తున్నారు.

“వాన వచ్చిందా మరి?”

“యాడొచ్చింది సార్. మేము వదిలిన కప్ప మాత్రం పిల్లల్ని పెట్టినాది.”

“ఆ గుడ్లు అంతకు ముందువమ్మా. నేను చూశాను.”

“ఎవురి పిల్లలైతే ఏమి సార్, నీళ్ళు మోసింది మేము గదా.”

“నువ్వు మోసింది సగం కడవే అత్తా. తక్కింది దోవకు పోసినావు” అంది కోడలు.

వంగి చూస్తే నీళ్ళ నిండా తోకకప్పలు. కొన్నింటికి వెనక కాళ్ళే వచ్చాయి. కొన్నింటికి నాలుగు కాళ్ళూ వచ్చి, తోక సగమైంది. తోక ఊడి పడదు, శరీరమే దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఆ కొన్ని రోజులు నోరు మారుతూ ఉంటుంది కాబట్టి కప్పపిల్ల ఏమీ తినదు. ఉన్న తోకతోనే బతుకుతుంది. గోరంత పిల్ల ఒకటి తడిమట్టి మీదకు ఎక్కి, గొంతు ఆడిస్తూ గాలి పీల్చింది. నేను కూడా ఒక కడవ మోశాను.

తిరిగి పుత్తూరు వచ్చేసరికి బాగా ఆకలేసింది. బస్టాండు దగ్గర మెస్సులో భోజనం ఎనభై రూపాయలు. రసం అడిగి మళ్ళీ పోయించుకున్నాను.

గుంట ఎండిపోయి ఉంటుందనే అనుకుని వెళ్ళాను. నేను ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చున్న ఆ రోజుల్లో ఎవరో అక్కడ నీళ్ళు పోస్తూనే ఉన్నారు. బస్సులో ఆ సంగతే తలుచుకుంటూ వచ్చాను. రేణిగుంట దాటింది కూడా తెలియకుండా నిద్రపట్టింది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. కప్పలు చర్మంతో నీళ్ళు తాగుతాయి, ఊపిరి పీలుస్తాయి. దోమల క్రీము రాసుకున్న చేతులు గుంటలో పెట్టకండి.