పదో ఓటు

సెయింట్ పాల్ శాసనభవనంలో ఆ డిసెంబరు మధ్యాహ్నం రాష్ట్ర ప్రజల తరఫున ఓటు వేసే పదిమంది ఎలెక్టర్లు దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి కూర్చున్నారు. ఏళ్ల తరబడి పార్టీ సభలకు కాఫీ కాచిన లోర్నా ట్వెట్‌ను బదులు మనిషిగా పిలిచారు. ఎవరైనా తప్పుకుంటేనే ఆమెకు ఓటు.

ఆ పదిమందిలో ఒకడైన ఆమె పక్కింటి హాల్వర్డ్, రాష్ట్రంలో గెలిచిన అభ్యర్థి పేరు కాకుండా, దేశమంతటా ఎక్కువ ఓట్లు పడ్డ అభ్యర్థి పేరు రాశాడు. అధికారి ఆ చీటీని పక్కన పెట్టాడు.

"రాష్ట్రంలో గెలిచినవాళ్ల పేరే రాయాలి. లేదంటే చట్టప్రకారం ఓటు పడనట్టే, రాసినవారు లేనట్టే."

"పడకపోవడమేంటయ్యా? నా చేత్తో రాశాగా!"

ఆ మాట వినబడనట్టే అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు.

"లోర్నాగారూ, మీరొచ్చి కూర్చోండి."

కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. హాల్వర్డ్ ఆమె వెనక్కి వచ్చి వంగాడు. "ఏమే లోర్నా, ఎక్కువమంది జనం కోరినవాళ్లే గెలవాలని నాతోపాటు ఇల్లిల్లూ తిరిగావు కదే! ఇప్పుడు ఆ పేరే రాయి."

రాయాలనే ఉంది. కానీ రాస్తే ఇదే కుర్చీలోకి ఇంకొకరు వస్తారు, వాళ్లూ రాస్తే మరొకరు. మనుషులు మారతారు గానీ లెక్క మారదు. లోర్నా రాష్ట్రంలో గెలిచిన పేరే రాసింది.

"పదికి పది!" అన్నాడు అధికారి. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫొటోకు నిలబడినప్పుడు హాల్వర్డ్ ఎప్పటిలాగే వచ్చి ఆమె ఎడమపక్కన నిలుచున్నాడు. అతని ఊపిరి ఆమె చెంపకు తగులుతోంది.

"అమ్మా, కాస్త ఎడమకు జరగండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "మీ పక్కన ఖాళీ కనబడుతోంది."

లోర్నా జరిగింది.