మా కోట ముందు దీక్షా శిబిరం

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా క్యాంపస్‌లో ఏదో ఒక జేఏసీలో లేనివాణ్ణి మనిషిగా లెక్కపెట్టేవారు కాదు. విద్యార్థులకొకటి, అధ్యాపకులకొకటి, హాస్టల్ మెస్సుల్లో వంటవాళ్ళకొకటి. పొద్దున్నే నడకకొచ్చే పెద్దమనుషులు కూడా చెట్టు కింద బ్యానరు కట్టుకుని కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఇన్ని ఉండగా మరొకటి పుట్టడంలో వింతేమీ లేదు. వింతల్లా అది నా మీద పుట్టడం.

అప్పుడు నేను ఎమ్మెస్సీ చదువుతూ ఒక గిల్డుకి నాయకురాలిని. గిల్డంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇంటర్నెట్‌లో కత్తులూ డాళ్ళూ పట్టుకుని ఆడే ఆటల్లో ఒక్కడే పోయి సాధించేదేమీ ఉండదు. పదిమంది జట్టు కట్టాలి, ఆ జట్టే గిల్డు. ఒకడు ముందు నిలబడి దెబ్బలు తినాలి, కొందరు కొట్టాలి, ఒకడు వెనక నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళకు వైద్యం చేయాలి. ఆదివారం మధ్యాహ్నం కోట మీద యుద్ధం. గెలిచిన గిల్డు జెండా వారమంతా ఆ కోట మీద ఎగురుతుంది. చాలాకాలంగా అక్కడ ఎగురుతున్నది మా జెండానే.

మా గిల్డులో నేను తప్ప అందరూ తెలంగాణ పల్లెల నుంచి చదువుకోవడానికొచ్చిన కుర్రాళ్ళు. నేను తార్నాకలో పుట్టి తార్నాకలోనే పెరిగాను, కానీ నాన్నది గుంటూరు జిల్లా కాబట్టి ఆంధ్ర పిల్లనే. నేను ఇంట్లోంచి ఆడేదాన్ని, వాళ్ళు మా వెనక సందులో ఉన్న నెట్ సెంటర్‌లోంచి ఆడేవారు. చదువులో ఒక ఏడాది ముందున్నానని నన్ను అక్కా అనేవారు. మైకులో నేను తిట్టే తిట్లు విన్నవాళ్ళెవరూ వేరే పిలుపు గురించి ఆలోచించే ధైర్యం చేయలేదు.

గిల్డు నిలబడాలంటే ఏం కావాలి? మంచి కత్తులు, పెద్ద పెద్ద లెవెళ్ళు అనుకుంటారు కొత్తవాళ్ళు. అవేమీ కాదు. చెప్పిన వేళకి రావాలి. రాలేకపోతే ముందే చెప్పాలి. చెప్పకుండా ఎగ్గొట్టినవాణ్ణి తిట్టడానికి ఒకరుండాలి. ఆ చివరి పని నాది, దాన్ని చాలా శ్రద్ధగా చేశాను. తిట్లకు లొంగనివాడికి కిక్. నాయకురాలు ఒక బటన్ నొక్కితే వాడు గిల్డులోంచి బయట పడతాడు. కోపంలో కిక్ కొట్టి, టీ తాగాక మళ్ళీ పిలిచేదాన్ని. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంట్లో జరిగే యుద్ధం వేరు. నాన్న హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవారు. సాయంత్రం టీవీ చూడటం, రేపు రాష్ట్రం విడిపోతే మనల్నిక్కడ ఎవరు ఉండనిస్తారని దిగులు పడటం. విశాఖపట్నంలో బాబాయి ఉన్నాడు, ఫ్లాటు అమ్మేద్దాం, నువ్వు పీహెచ్‌డీ అక్కడే చేద్దువుగాని అనేవారు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. భయపడుతున్న మనిషికి ఎదురు చెప్పడం నాకు చేతకాదు. నా దగ్గరున్న ఒకే ఒక్క వాదన గిల్డు.

"మా వాళ్ళు పొద్దున జెండాలు పట్టుకుని తిరుగుతారు, మధ్యాహ్నం వచ్చి నేను చెప్పినట్టు యుద్ధం చేస్తారు. ఒక్కడైనా నన్నొదిలి పోయాడా?" అనేదాన్ని.

"చూద్దాం, ఎన్నాళ్ళుంటారో" అనేవారు నాన్న.

దాంతో నాకు కోట సంగతి వెనకపడి, వాళ్ళు ఉండటమే పెద్ద సంగతైపోయింది. వాళ్ళు పోతే నాన్న మాట నెగ్గినట్టు, నేను విశాఖపట్నం రైలెక్కినట్టు.

అలాంటి సమయంలో ఒక ఆదివారం మా డాక్టరు రాలేదు. అతను చదివేది చరిత్ర, కానీ ఆటలో వైద్యం చేస్తాడు కాబట్టి అందరం డాక్టరనే పిలిచేవాళ్ళం. మెత్తని మనిషి, మైకులో పది మాటలు వింటే ఒకటి మాట్లాడేవాడు. అతను లేకపోయేసరికి మా ముందు వరుస పిట్టల్లా రాలిపోయింది, కోట చేజారింది. ఫోను లేదు, కబురు లేదు. నాకు ఒళ్ళు మండి కిక్ కొట్టాను. అంత ముఖ్యమైన మనిషిని ఎందుకు తోసేశావని అడుగుతారేమో. ముక్కు మీద కోపానికి ఆ ఆలోచనలుంటాయా? టీ తాగాక పిలుద్దామనే అనుకున్నాను. ఈలోగా అతను "సరే అక్కా" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు. బతిమాలతాడనుకున్నవాడు బతిమాలకపోతే ఇంకా మండుతుంది. వారమంతా పిలవలేదు.

తర్వాతి ఆదివారం బంద్. కోట తిరిగి పట్టాలని కూర్చుని లాగిన్ అయ్యాను. డాక్టరు తప్ప అందరూ వచ్చారు. వచ్చి, కోట ముందు మైదానంలో గుడారం వేసి, కత్తులు కింద పెట్టి వరసగా కూర్చున్నారు. అలసిపోయిన యోధులు సేద తీరడానికి ఆటలో ఇచ్చిన గుడారం అది.

"లేవండి, గేటు తెరుచుకుంది" అని మైకులో అరిచాను.

ముందు వరుసలో నిలబడి దెబ్బలు తినే తమ్ముడొకడున్నాడు, మాణికేశ్వర్ నగర్‌లో అద్దె గదిలో ఉండేవాడు. వాడు చాలా మర్యాదగా జవాబిచ్చాడు. "లేవం అక్కా. దీక్షల ఉన్నం."

"ఏం దీక్ష?"

"రిలే దీక్ష. జరసేపైనంక ఇంకో బ్యాచ్ కూసుంటది."

కోటలో ఉన్న శత్రువులు ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో. బాణాలు ఎక్కుపెట్టి బయటికొచ్చారు. వీళ్ళు కదలకపోయేసరికి ఏం జరుగుతోందని అడిగారు. మావాడొకడు వచ్చీరాని ఇంగ్లీషులో ఓపిగ్గా వివరించాడు. శత్రువుల్లో ఇద్దరు బాణాలు దించి, గుడారంలోకొచ్చి కూర్చుని సంఘీభావం ప్రకటించారు. నేనొక్కదాన్నే గేటు దగ్గర కత్తి పట్టుకుని నిలబడ్డాను.

నాన్న వెనక నిలబడి చూస్తూనే ఉన్నారు. "వాళ్ళు కూర్చున్నారేంటి?" అన్నారు.

"దీక్ష చేస్తున్నారు."

"ఎవరి మీద?"

"నా మీద."

నాన్న పడీపడీ నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, మెల్లగా, "నేను చెప్పలేదా అమ్మా" అన్నారు. వెక్కిరించి ఉంటే పోట్లాడేదాన్ని. జాలిగా అన్నారు. అది తట్టుకోలేక చెప్పులేసుకుని బయటికి నడిచాను.

నెట్ సెంటర్ షట్టరు సగం దించి ఉంది. దాన్ని నడిపే ముషీరాబాద్ ఆయన బయట కుర్చీ వేసుకుని, పోలీసు జీపు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తున్నాడు. "జర చూస్కుని, సంభాల్కే పో అమ్మా, లోపల దీక్ష నడుస్తున్నది" అన్నాడు. నేను వంగి లోపలికి దూరాను. నిరాహార దీక్షాపరులు మిర్చి బజ్జీలు తింటున్నారు. బంద్‌లో అవెక్కడ దొరికాయో వాళ్ళకే తెలియాలి. ఒక మూల డాక్టరు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏంటిదంతా?" అన్నాను.

మాణికేశ్వర్ నగర్ తమ్ముడు చేతులు తుడుచుకుని లేచాడు. "ఒక్కటే డిమాండు అక్కా. డాక్టర్‌ను మల్ల తీసుకోవాలె. ఇగ నువ్వొక్కదానివే కిక్ కొట్టుడు బందైపోవాలె. ముగ్గురు ఒప్పుకుంటెనే కొట్టాలె."

"అవి రెండు డిమాండ్లు."

"రెండోది మొదటిదాన్లనే కలిసున్నది."

"ఫోనైనా చేయకుండా ఎగ్గొడితే ఏం చేయమంటావు?"

"ఆ దినం పోలీసులు క్యాంపస్ గేట్లు మూసిన్రు. మేం పొద్దుగాల్నే గీడికొచ్చినం, గందుకే ఆడినం. వీడు లోపల్నే చిక్కిండు. ఫోన్ల చార్జింగ్ లేకపాయె. నువ్వు అడిగినవా?"

డాక్టరు వైపు తిరిగాను. "చెప్పొచ్చుగా?"

"చెప్తే సాకంటవని చెప్పలే" అన్నాడు. నిజంగానే అనేదాన్ని, అందుకని ఆ విషయం వదిలేశాను.

"ఇంత తతంగమెందుకు? వేరే గిల్డులు బోలెడున్నాయి. పోదలచుకున్నవాళ్ళు ఇప్పుడే పొండి" అనేశాను.

"పోయేటోడు లాగౌట్ కొట్టి పోతడు అక్కా. ఇంతసేపు కూసుంటడా?" అన్నాడు తమ్ముడు.

"మరి క్యాంపస్‌లో మీరు రోజూ కూర్చునేది విడిపోవడానికేగా?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "గది వేరే ముచ్చట" అన్నాడు తమ్ముడు. "గండ్ల నువ్వు వేలు పెట్టకు." వస్తున్న నవ్వు కనిపించకుండా మొహం పక్కకి తిప్పుకున్నాను.

చివరికి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నా లేవలేదు. దీక్ష విరమించాలంటే ఎవరి మీద చేశారో వాళ్ళే నిమ్మరసం ఇవ్వాలట.

"బజ్జీలు తిన్నవాళ్ళకు నిమ్మరసమెందుకు?"

"బజ్జీలు తిన్నది పాత బ్యాచ్" అన్నాడు తమ్ముడు, నూనె మూతి తుడుచుకుంటూ.

ముషీరాబాద్ ఆయన పక్కింట్లో నిమ్మకాయలు అడిగి తెచ్చాడు. ఉన్న గ్లాసులే కడిగి కడిగి ఒక్కొక్కరికీ ఇచ్చాను. ముగ్గురు ఒప్పుకుంటే తప్ప ఎవరినీ పంపకూడదన్న ఆ నియమంతోనే మా గిల్డు, ఆ ఆట నడిపే కంపెనీ దుకాణం కట్టేసేదాకా నిలిచింది. ఆ ఘనత నాదేనని అందరికీ చెబుతుంటాను. నేను అంత దుర్మార్గంగా పాలించకపోతే వాళ్ళకా ఆలోచన వచ్చేదా?

ఆఖరి గ్లాసు డాక్టరుది. తీసుకున్నాడు గాని తాగలేదు.

"మీ నాయిన ఇల్లు అమ్ముతుండంట గద" అన్నాడు. "నువ్వు విశాఖపట్నం పోతున్నవని అందరంటున్నరు. లీడర్ పోతె గిల్డ్ ఖతమైతది. నువ్వు లేకున్నా మేమన్న కలిసుండాలెనని, బటన్ ముగ్గురి చేతుల పెట్టమన్నం." ఆగాడు. "పోతవా అక్కా?"

హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. మైకులో అన్ని తిట్లు తిట్టినదాన్ని వీళ్ళ ముందు ఏడవడమేమిటని తమాయించుకోబోయాను, నా వల్ల కాలేదు.

"పోను" అన్నాను. అప్పటిదాకా ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"మీ నాయినకు చెప్పినవా?"

"లేదు."

"మరి గీడ నిలబడితె ఎట్లైతది? పోయి చెప్పు. కోట మేం చూస్కుంటం" అని తమ్ముడు షట్టరు పైకెత్తి పట్టుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి నాన్న నా కుర్చీలో కూర్చుని తెర వైపు చూస్తున్నారు. తెర మీద మా వాళ్ళు గుడారం పీకి, కత్తులు తీసుకుంటున్నారు.

"నేను విశాఖపట్నం రాను నాన్నా" అన్నాను.

ఆయన తెర మీద వేలు పెట్టి మా వాళ్ళను చూపించారు. "వీళ్ళు ఉంటారా మరి?" అన్నారు.

"నువ్వు ఉంటావా అని వాళ్ళే నన్నడిగారు" అన్నాను.