మా మేనకోడలి ‘అయితే’

మా మేనకోడలు ఇళ్లు అమ్మిపెట్టే ఆఫీసులో చేరిన ఆరు నెలలకే ఆమెకు ‘అయితేగారు’ అని పేరు పడింది. పెట్టింది ఆ ఆఫీసు మేనేజరే. ఎవరికైనా ఇల్లు చూపించేటప్పుడు “హాలు విశాలంగా ఉందండీ, వంటింట్లోకి పొద్దున్నే ఎండ వస్తుంది” అని చక్కగా మొదలుపెట్టేది. కొనేవాళ్ల ముఖాలు విప్పారేవి. అంతలో “అయితే...” అనేది. ఆ తర్వాత వచ్చేవన్నీ ఆ ఇంటి మీద చాడీలే. పై అంతస్తుకు నీళ్లు సన్నగా వస్తాయి, పక్కవాళ్ల మోటారు మన గోడ అవతలే మోగుతుంది, అల్మారా తలుపు సగమే తెరుచుకుంటుంది. వచ్చినవాళ్లు చెప్పులు వేసుకుని చక్కా పోయేవారు. ఆరు నెలల్లో ఒక్క ఇల్లూ అమ్ముడుపోలేదు.

ఆ మాట ఆమెకు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఆమె భర్త ఫొటో స్టూడియో మూతపడింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక, స్టూలు మీద గడ్డం ఎత్తి కదలకుండా కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? అప్పుల కింద సొంత ఇల్లు పోయింది. మిగిలిన కాస్తా ఒక అద్దె ఇంటికి అడ్వాన్సు కట్టారు. దాన్ని చూపించిన ఏజెంటు నోట్లో బెల్లం పెట్టుకుని మాట్లాడాడు. గోడలకు కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. మొదటి వానకే పడగ్గది గోడ చెమ్మ కక్కింది. మామూలు చెమ్మ కాదు. దానికి క్యాలెండరు తగిలిస్తే వారం తిరక్కుండా అంకెలన్నీ కరిగి నేల మీదికి జారిపోయాయి. ఎర్రసిరా గట్టిది కాబట్టి ఆదివారాలు మాత్రం మిగిలాయి. నేను కళ్లారా చూశాను. మా ఇంట్లో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి.

నమ్మి తీరాల్సింది ఒకటుంది. వాళ్ల పాప ఆ ఏడాదంతా దగ్గుతూనే ఉంది. ఖాళీ చేద్దామంటే ఏడాది లోపు అడ్వాన్సు వెనక్కి రాదు, ఇంకో ఇంటికి కట్టడానికి చేతిలో ఏమీ లేదు. రాత్రిళ్లు పాప వీపు నిమురుతూ, పగలు ఆ గోడకు అరచేయి ఆనించి చూస్తూ, మా మేనకోడలు ఇళ్లను చదవడం నేర్చుకుంది. ఆ తర్వాత మరో మూడు ఇళ్లు మారారు, అద్దె తక్కువ ఎక్కడుంటే అక్కడికి. ఇల్లు మారినప్పుడల్లా పాపకు బడీ మారింది. ప్రతి ఏడాదీ కొత్త పిల్ల, చివరి బెంచీ.

ఈసారి పాప పదో తరగతికి వచ్చింది. అప్పుడే మేనేజరు మా మేనకోడల్ని పిలిచి చెప్పాడట.

“నెలాఖరులోగా ఒక్క ఇల్లు అమ్ము. లేదంటే వచ్చే నెల నుంచి ఇంట్లో కూర్చుని అయితే గియితే అనుకుంటూ ఉండు.”

ఆ ఉద్యోగం పోతే ఇంకో ఇల్లు, ఇంకో బడి తప్పవు.

“ఒక్కరోజు ఆ మాట మింగెయ్యవే” అన్నాను.

“మింగుతాను మావయ్యా. గొంతులో అడ్డం పడుతోంది, ఏం చెయ్యను?”

ఇక నేనే రంగంలోకి దిగాను. చిన్నప్పుడు అబద్ధం ఆడితే మా కాన్వెంటు సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టేవారు. నా మోకాళ్లు ఈ వయసులో కూడా ఇంత గట్టిగా ఉన్నాయంటే అదే కారణం. ఆమె ఒక ముసలి దంపతులకు మూడో అంతస్తులో ఇల్లు చూపిస్తుందని తెలిసి, ఇస్త్రీ కోటు వేసుకుని, ఆమెకు చెప్పకుండా సరిగ్గా ఆ సమయానికి వెళ్లాను. ఆ దంపతుల్లో ఆయన తాపీమేస్త్రీగా చేసి మానేసిన మనిషి. ఆవిడ ముక్కుసూటిగా మాట్లాడే రకం.

“ఈ ఇల్లు నాకు కావాలి. ధర ఎంతైనా సరే. నాకు ఓడల వ్యాపారం” అన్నాను గుమ్మంలోంచే.

సముద్రం మాకు ఒక రోజు ప్రయాణమని అన్నాక గుర్తొచ్చింది.

“ఓడలా? ఎన్ని ఉన్నాయేమిటి?” అంది ఆవిడ.

“రెండు. మూడోది రిపేరులో ఉంది.”

దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోటీ తగిలేసరికి తొందర పుట్టిందని నేను లోలోపల మురిసిపోయాను. అంతలో మా మేనకోడలు నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసి, నిట్టూర్చింది.

“అయితే, లిఫ్టు లేదు. మీ ఆయాసానికి రోజూ మూడంతస్తులు ఎక్కడం కుదరదు మావయ్యా.”

“మావయ్యా?” అంది ఆవిడ.

మా మేనకోడలి చెవులు ఎర్రబడ్డాయి. ఎటూ పరువు పోయిందనుకుందేమో, పడగ్గదిలోకి నడిచి వెనక గోడకు అరచేయి ఆనించింది.

“ఇది కూడా వినండి. ఇక్కడ లోపల పైపు కారుతోంది. రంగు మొన్ననే వేశారు. మా పాప ఇలాంటి గదిలో ఏడాది పడుకుంది. అందుకే చెబుతున్నాను.”

మేస్త్రీ నవ్వడం మొదలుపెట్టాడు.

“గుమ్మంలో కాలు పెట్టగానే వాసన పట్టానమ్మా. మూడు ఆఫీసులు తిరిగాం. ఇలాంటి గోడలు నాలుగు చూపించారు. నోరు విప్పినవాళ్లు లేరు.”

“మరి కొంటారా?” అని ఆశగా అడిగాను.

“ఈ ఇల్లా? నాకేం పిచ్చా?” అన్నాడాయన. “ఈ అమ్మాయి వేరే ఇల్లు వెతికి పెడితే కొంటాను. మీరు మాత్రం ఓడ రిపేరు చూసుకోండి.”

నెల ముగియడానికి తొమ్మిది రోజులున్నాయి. ఆమె వాళ్లకు అయిదు ఇళ్లు చూపించింది. నాలుగింటిని వాళ్ల కంటే ముందు తనే కాదంది. అయిదోది ఇరుకు వీధిలో పాత ఇల్లు. “గోడలు రాయిలా ఉన్నాయి. అయితే ఎదురుగా పిల్లల ఆటస్థలం ఉంది, సాయంత్రాలు ఒకటే గోల” అంది.

“మా ఇంట్లో గోల లేక పదేళ్లయింది. ఇదే కావాలి” అంది ఆవిడ.

ఇరవై తొమ్మిదో తేదీన సంతకాలయ్యాయి. మేనేజరు కమిషన్ చేతికిచ్చి, ఆ దంపతులు చెప్పి పంపారంటూ మరో ఇద్దరి ఫోన్ నంబర్లు కూడా ఇచ్చాడు. పొగడ్త మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. ఆమె ముందుగా వెళ్లి, ఇప్పుడుంటున్న ఇంటికే మరో ఏడాది అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చింది.

మొన్న పాప మా ఇంటికి వచ్చి చెప్పింది. వాళ్ల క్లాసులో కొత్తగా ఒక అమ్మాయి చేరిందట. బడంతా తిప్పి చూపించమని టీచరు మన పాపకే అప్పగించిందట.

“నువ్వు పాతదానివి కదా అంది తాతయ్యా, నన్ను!”

“మరి అంతా చూపించావా?”

“లైబ్రరీ తప్ప. అదెక్కడుందో నాకూ తెలీదు. ఇద్దరం వెతుక్కుంటూ పీరియడ్ అంతా తిరిగాం.”