మామయ్య విమానం, అత్తమ్మ మిక్సీ

ఇంట్లో కంప్యూటర్ ఉంటే దానికి పూల గుడ్డ కప్పి, గది బయటే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిన కాలం ఒకటుండేది. ఆ రోజుల్లో కంప్యూటర్ పాడైందంటే లోపల రోగి పడుకున్నట్టు అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అలాంటి రోగులకు నేనే పెద్ద డాక్టరునని నమ్మిన రోజుల ముచ్చట ఇది. డిగ్రీ అయ్యాక భువనగిరి దగ్గర మా ఊళ్ళో చేసేదేమీ లేక, నాచారంలో మా మేనమామ ఇంట్లో దిగి, ఉప్పల్ చౌరస్తాలో ఒక టైర్ల దుకాణం మీద నడిచే ఇన్‌స్టిట్యూట్‌లో హార్డ్‌వేర్ కోర్సు చేశాను. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా సార్ ఎవరు ఏ జబ్బు చెప్పినా "ఫార్మాట్ కొట్టు" అనేవాడు, అందుకని ఆయనకు ఫార్మాట్ సార్ అనే పేరు స్థిరపడిపోయింది. (డిస్కులో ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడమన్నమాట. రోగం పోతుంది, రోగి కూడా పోతాడు.) నాకొచ్చిన వైద్యం కూడా అదొక్కటే. కోర్సు పూర్తయిన రోజు నుంచి మామయ్య నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "ఇంజినీరమ్మా" అనడం మొదలుపెట్టాడు. అందులో ఎగతాళి ఎంతో, గర్వం ఎంతో నాకీనాటికీ తేలలేదు.

మామయ్య మల్లాపూర్‌లో నీళ్ళ మోటార్లు చేసే ఒక ఫ్యాక్టరీలో ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఒక పొద్దున వెళ్ళేసరికి గేటుకు తాళం, పక్కన గోడకు నోటీసు. "రెండు మూడు వారాలల్ల తెరుస్తరట," అన్నాడు ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా. వారాలు నెలలయ్యాయి. మొదట్లో రోజూ గేటు దాకా వెళ్ళి అక్కడున్న నలుగురితో నిలబడి వచ్చేవాడు, తర్వాత ఆ నలుగురూ ఇద్దరయ్యారు, ఆ తర్వాత తనూ మానేశాడు. మామయ్యకూ అత్తమ్మకూ పిల్లలు లేరు. అత్తమ్మ చీరలకు ఫాల్స్ కుడుతూ ఇల్లు నెట్టుకొచ్చేది. ఆ సమయంలో మామయ్యకు విమానం దొరికింది.

ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షన్‌లో ఒక కాకినాడ ఆయన ఉండేవాడు. మేమందరం డ్రాయింగన్న అనేవాళ్ళం. ఆయన ఒకరోజు ఇంటికొచ్చి, నేను నేర్చుకోవడానికని మామయ్య కొన్న పాత కంప్యూటర్లో, నాలుగు ఫ్లాపీల నుంచి ఒక విమానం ఆట ఎక్కించి పోయాడు. "టైంపాస్‌కి ఉంటుంది గురువుగారూ, ఊరికే తిప్పుతూ ఉండండి," అన్నాడు. అప్పటికే బాగా పాతబడిన ఆట అది. కింద సగం తెర నిండా మీటర్లు, పైన సగంలో ఆకుపచ్చ నేల, నీలం ఆకాశం, మధ్యలో బూడిదరంగు గీత. ఆ గీతే రన్‌వే. చెట్టూ లేదు, ఇల్లూ లేదు, మనిషి అసలే లేడు. అయినా మామయ్య ఆ మీటర్లను చూసి పడిపోయాడు. "సూడు ఇంజినీరమ్మా, ఎంత సక్కగ చెప్తున్నయో. మీదికి వోతే మీదికని, కిందికొస్తే కిందికని. మా మిషన్ల లెక్కనే."

అప్పటినుంచి పొద్దున మల్లాపూర్ వైపు ఇంకా నడుస్తున్న ఏదో ఫ్యాక్టరీ సైరన్ మోగగానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నం టిఫిన్ డబ్బాలో పెట్టించుకుని వంటింట్లోంచి ముందుగదిలోకి మోసుకెళ్ళి తినేవాడు. సాయంత్రం సైరన్‌కు కంప్యూటర్ ఆపి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, చాయ్ తాగుతూ "మస్తు అలిసిపోయిన," అనేవాడు. "ఇంట్ల కూసోని అలిసిపోవుడేందయ్యా? పొద్దున్నుంచి ఎన్నిసార్లు కూలినవ్?" అని అత్తమ్మ కుట్టుమిషన్ ఆపకుండానే అడిగేది. ఎందుకంటే ఆ విమానం ఎగిరినంత సేపు ఎగిరి, ఏ సముద్రంలోనో పడేది. మామయ్య గట్టిగా ఊపిరి వదిలి, మళ్ళీ రన్‌వే మీద నిలబెట్టి, మళ్ళీ ఎగిరేవాడు. పక్కింటివాళ్ళు "మీ ఆయన ఏం చేస్తున్నడు?" అంటే ఏం చెప్పాలో తెలియక అత్తమ్మ ఆ కంప్యూటర్‌ను సవతిని చూసినట్టు చూసేది.

ఇంతలో ఒకరోజు కంప్యూటర్ లేవలేదు. నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి కొట్టుకుంటూ ఉండిపోయింది. నేను చేతులు కడుక్కుని వచ్చి (ఎందుకు కడుక్కున్నానో దేవుడికే తెలియాలి), మామయ్యను పక్కకు జరగమని, ఫార్మాట్ కొట్టాను. విండోస్ కొత్తగా ఎక్కించాను. తెర మీద కొత్త రంగులు చూసి అత్తమ్మ అడిగింది, "ఇమానం వోయిందా?" "అంతా పోయింది అత్తమ్మా." "మంచిగైంది. పీడ వోయింది," అని నా నోట్లో ఇంత చక్కెర పోసింది. మామయ్య మాత్రం గడప దగ్గర నిలబడి, "మళ్ల ఎక్కుతది గదా?" అన్నాడు. ఎక్కకేం అనుకుని నాలుగు ఫ్లాపీలూ వరసగా పెట్టాను. బుద్ధిగా ఎక్కింది. కానీ తెరవబోతే తెర నల్లబడి, ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. మెమరీ చాలదట.

"మొన్ననే గదనే మెమరీ పెంచినమంటివి?" అన్నాడు మామయ్య. నిజమే. కానీ ఆ పాత ఆటకు లోపల ఎంత జాగా ఉన్నా పట్టదు, ముందున్న కాస్త జాగాలోనే కూర్చుంటుంది. కొత్తగా ఎక్కించాక ఆ ముందు జాగాలో సీడీ డ్రైవు, మౌసు, ఇంకా ఏవేవో వచ్చి కూర్చున్నాయి. నేను ఇదంతా వివరిస్తే మామయ్య శ్రద్ధగా విని, "అంటే లోపల గన్ని అర్రలు ఉండంగ అరుగు మీదనే కూసుంటనంటదన్నట్టు. మా నాయిన లెక్కనే ఉన్నది," అన్నాడు. నవ్వలేదు.

ఆ మర్నాటి నుంచి అత్తమ్మకు కష్టాలు మొదలయ్యాయి. సైరన్ మోగగానే మామయ్య ఇస్త్రీ చొక్కాతో వంటింట్లోకి వచ్చేవాడు. తలుపు బందులకు నూనె పోశాడు. గ్లాసులు ఎత్తు ప్రకారం పేర్చాడు. తన పనిముట్ల పెట్టెలోంచి కొలిచే పరికరం తీసి రొట్టెల మందం చూసి, "ఒక్కటి ఒక్క తీరుగ లేదు," అన్నాడు. కుట్టుమిషన్ విప్పి మళ్ళీ బిగిస్తే ఒక మర మిగిలిపోయింది. "అది అక్కర్లేనిదే," అన్నాడు. అత్తమ్మ చేతిలోని అట్లకాడ ఆ రోజు మామయ్యకు తగలకుండా స్టవ్వు మీదే ఆగడం ఆమె మంచితనం. ఇక్కడి దాకా నాకు నవ్వులాటగానే ఉండేది. ఆ తర్వాత మామయ్య ఏదీ ముట్టుకోవడం మానేశాడు. అదే చొక్కా వేసుకుని వరండాలో కుర్చీలో కూర్చునేవాడు. సైరన్ మోగితే లేచి నిలబడేవాడు, ఎక్కడికీ పోయేది లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేవాడు. చాయ్ పెడితే చల్లారిపోయేది. గడ్డం పెరిగింది.

ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే అత్తమ్మ మిద్దె మీదికొచ్చి, తడి చీర రెండో కొస పట్టుకుంది. "జర ఆ ఇమానం మళ్ల ఎక్కియ్యే బిడ్డా."

"నువ్వే గద అత్తమ్మా, పీడ వోయిందన్నవ్?"

"అన్న. అది ఉన్నప్పుడు పొద్దంత పడ్డా, మళ్ల లేస్తుండె. గిప్పుడు పడ్తలేడు, లేస్తలేడు." చీర దులిపి తీగ మీద వేసి, ముఖం నాకు కనబడకుండా అటు తిరిగి కిందికి వెళ్ళిపోయింది.

నేను వెంటనే ఉప్పల్ బస్సెక్కి ఫార్మాట్ సార్ దగ్గరకు పోయాను. ఆయన అంతా విని, గడ్డం నిమురుకుని, "మళ్ళీ ఫార్మాట్ కొట్టు," అన్నాడు. కొట్టాను. మెమరీ మళ్ళీ చాలలేదు. మొదట ఎక్కించిన మనిషినే అడుగుదామని మామయ్య స్కూటర్ వెనక కూర్చుని మల్లాపూర్ వెళ్ళాను. ఫ్యాక్టరీ గేటు దారిలోనే ఉంది. తాళం తుప్పు పట్టి ఉంది, కాపలావాడి కుర్చీలో కుక్క పడుకుని ఉంది. మామయ్య అటు తల తిప్పలేదు, అక్కడికి వచ్చేసరికి స్కూటర్ వేగం మాత్రం పెంచాడు. డ్రాయింగన్న ఇంటి ముందు జిరాక్స్ మిషన్ పెట్టుకున్నాడు. "ఆ ఆటా? అప్పుడు స్టార్టింగ్ ఫైల్లో ఏవో నాలుగు లైన్లు తీసేసి, రెండు కలిపానమ్మా. ఇప్పుడేం గుర్తుంటాయి? ఏం రాశానో, ఎందుకు రాశానో..." అని, చివరికి మామయ్య వైపు చూసి, "ఏంటండీ గురువుగారూ, ఇలా అయిపోయారు?" అన్నాడు. "ఏం కాలే. గడ్డం గీసుకోలే," అన్నాడు మామయ్య.

ఆ తర్వాత నేను చేసినదాన్ని విద్య అనలేం, మొండితనం అనాలి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదువుకునే ఆ లైన్లలో ఒక్కొక్కటీ తీసేసి, ఆపి, మళ్ళీ పెట్టి చూడడం. ఒకటి తీస్తే సీడీ పోయింది. ఇంకోటి తీస్తే మౌసు చచ్చిపోయింది. ఒకటి తీస్తే కంప్యూటరే లేవలేదు, దాన్ని గబగబా మళ్ళీ రాశాను. అత్తమ్మ గంటకోసారి తలుపు దగ్గరికొచ్చి, ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ చుట్టంలా, "ఎట్లున్నది?" అని అడిగేది. చివరికి ముందు జాగాలో కూర్చున్నవాళ్ళందర్నీ బయటికి వెళ్ళగొట్టాక, ఒక సాయంత్రం పొద్దు ఇంకా ఉండగానే, ఆకుపచ్చ నేల, బూడిదరంగు గీత కనిపించాయి. నేను వేసిన కేకకు మామయ్య వరండాలోంచి లేచి వచ్చాడు. కూర్చున్నాడు. విమానం కదిలింది, లేచింది. కానీ చప్పుడు లేదు. నేను పీకేసిన వాటిలో శబ్దం కూడా ఉంది. "సప్పుడు లేనిది మిషనెట్లయితదే?" అన్నాడు మామయ్య. జీవితమంతా లేత్ మిషన్ల మధ్య బతికిన మనిషికి చప్పుడు ఆగిందంటే ఏదో విరిగిందని అర్థం. శబ్దం కోసం ఇంకా రెండు రోజులు కుస్తీ పట్టాను. శబ్దం వస్తే విమానం రాదు, విమానం వస్తే శబ్దం రాదు.

పరిష్కారం వంటింట్లోంచి వచ్చింది. మామయ్య నీరసంగా విమానాన్ని రన్‌వే మీద నడిపిస్తుంటే, అత్తమ్మ పల్లీల పచ్చడికి మిక్సీ వేసింది. గుర్రుమని ఇల్లంతా అదిరింది. మామయ్య వెన్ను నిటారుగా అయింది. విమానం లేచింది. మిక్సీ ఆగింది. "ఏయ్, ఆపకు, ఆపకు! ఇంక మీదికి పోలె!" అని ముందుగదిలోంచి అరిచాడు. ఆ తర్వాత అదే అలవాటైంది. "టేకాఫ్!" అని కేక వేస్తే అత్తమ్మ చేతిలో పని వదిలేసి వెళ్ళి మిక్సీ తిప్పేది. "పల్లీలు అయిపోయినయ్, ఉత్త నీళ్ళేసి తిప్పుతున్న, సరేనా?" అని తిట్టేది, తిప్పేది. ఆ రోజుల్లో మేం తిన్నన్ని పచ్చళ్ళు మరెవరూ తిని ఉండరు. మామయ్య గడ్డం గీసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం, పచ్చడీ టేకాఫూ అయిపోయి విమానం ఆకాశంలో నిలకడగా పోతుండగా, డ్రాయింగన్న సైకిల్ గోడవారగా పడేసి లోపలికి వచ్చాడు. "గురువుగారూ, ఫ్యాక్టరీకి లారీలొచ్చాయండి. మిషన్లు ఎక్కించేస్తున్నారు. మీ లేత్ కూడా బయటికి తెచ్చేశారు." మామయ్య ఒక్క క్షణం తెరను చూశాడు. లేచి, నన్ను భుజం పట్టి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. "గిట్లనే సీదా పోనియ్యి, ఇంజినీరమ్మా." "దించుడెట్ల మామా?" అని నేనడిగేసరికి స్కూటర్ వీధి మలుపు తిరిగిపోయింది.

అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "దించే!"

"నాకు రాదత్తమ్మా."

"ఇంజినీరువు గదనే!"

"మాకు ఎక్కించుడే నేర్పిన్రు."

ఇద్దరం కూర్చున్నాం. కంప్యూటర్ ఆపేయొచ్చు, మీట ఒకటి నొక్కితే అయిపోతుంది. ఎందుకో ఇద్దరిలో ఎవరమూ ఆ మాట అనలేదు. అత్తమ్మ చీర తెచ్చుకుని నా పక్కన నేల మీద కూర్చుని ఫాల్ కుడుతూ, అప్పుడప్పుడూ తలెత్తి, "ఏడికి వోతున్నది?" అని అడిగేది. "సముద్రం మీదికి." "పోనీ. ఒడ్డు లేకపోతే గుద్దుకునేది గూడ ఉండదు." నీలం తప్ప తెర మీద ఇంకేం లేకుండా పోయింది. చీకటి పడబోతుండగా ఠప్పున కరెంటు పోయింది. "పాయె!" అని అత్తమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

మామయ్య వచ్చేసరికి గడప మీద కొవ్వొత్తి ఉంది. చేతుల నిండా గ్రీజు. కాళ్ళు కడుక్కోకుండానే మెట్టు మీద కూర్చున్నాడు. "పక్కకు ఒరగేసి ఎక్కిస్తున్నరు. గట్ల ఎక్కియ్యొద్దు, వంకర వోతదంటే ఎవడు ఇనడు. నేనే లారీ ఎక్కి, కింద దుంగలు పెట్టిచ్చి, తాళ్ళు కట్టిచ్చి వచ్చిన," అన్నాడు. కాసేపటికి అడిగాడు, "ఇమానం ఏమైంది? పడ్డదా?"

"లేదు మామా. కరెంటు వోయింది."

మామయ్య చీకట్లో దాని గురించి ఆలోచించాడు. "అయితే పడలేదన్నట్టే," అని నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది, ఆ నవ్వు మధ్యలో ఏదోలా అయిపోతే నీళ్ళు తెస్తానని లోపలికి పోయింది.

ఫ్యాక్టరీ మళ్ళీ తెరుచుకోలేదు. మామయ్య కొన్నాళ్ళకు ఉప్పల్‌లో తనకంటే సగం వయసున్నవాడి వర్క్‌షాపులో చేరాడు. ఆ విమానం మళ్ళీ తీయలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అంతకు వెయ్యింతలు పెద్ద కంప్యూటర్ల మధ్య నా ఉద్యోగం. ఒక్కోసారి కుర్రవాళ్ళు వచ్చి "మేడమ్, అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించేద్దామా?" అని ఉత్సాహంగా అడుగుతుంటారు. అప్పుడు నాకా నాచారం పిల్ల కళ్ళ ముందు కనబడుతుంది. తనకొచ్చిన ఒక్క వైద్యమూ పనికిరాని చోట, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తుమ్మొస్తే కూడా ఆపుకుని, ఏ మీటా తగలకుండా ఆ మధ్యాహ్నమంతా మామయ్యను ఆకాశంలో నిలబెట్టాననుకున్న పిచ్చిపిల్ల. పాపం, దానికి మెడ కూడా పట్టేసింది.